సందుగలో ఎనిమిది డిస్కులు

నానక్‌రామ్‌గూడలో మేము కిరాయికి ఉంటున్న ఫ్లాటు పదకొండో అంతస్తులో ఉంది. వంటగది వెనుక, బట్టలు ఉతికే చోటును ఆనుకుని ఒక చిన్న గది. బిల్డరు గీసిన ప్లానులో దాని పేరు పనిమనిషి గది. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. కిటికీ లేదు. గోడ పైభాగాన జానెడు జాలీ ఉంది. ఉద్యోగం పోయాక నాలుగేళ్ళు నా పగళ్ళు దాదాపు ఆ గదిలోనే గడిచాయి. మా తాత ఇంట్లో గుర్రాలకు ఇంతకంటే పెద్ద చోటు ఉండేది. ఫిర్యాదు చేయడం లేదు, కొలత చెబుతున్నాను.

ఆ గదిలో నాతోపాటు ఒక టేకు సందుగ ఉండేది. మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, మూలలకు ఇత్తడి రేకులు, ముందు పలక నిండా చెక్కిన లతలు. బట్టలు, నగలు దాచుకోవడానికి చేయించిన పెట్టె. దాని లోపల నేను ఒక కంప్యూటరును, ఎనిమిది హార్డ్ డిస్కులను అమర్చాను. మా తాత తీసిన ఫోటోలన్నీ ఆ డిస్కుల్లో ఉండేవి. అవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

మా తాత ఒక ఊరికి దొర. ఊరి పేరు రాయను. అక్కడ కోటలాంటి మా ఇల్లు, గడి, ఉండేది. భూములు కొన్ని చట్టానికి పోయాయి, కొన్ని దాయాదుల కోర్టు కేసులకు పోయాయి, మిగిలినవి మా నాన్న మొహమాటానికి పోయాయి. గడిని దూలం దూలంగా విప్పి అమ్మారు. నా వంతుకు సందుగ వచ్చింది. తెరిస్తే నిండా నెగటివులు.

తాతకు ఫోటోల పిచ్చి. తీయడమే కాదు, కడగడం కూడా స్వయంగా నేర్చుకున్నాడు. అందుకు కారణం ఘోషా. మా ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాడి కంట పడకూడదు. ఊరు దాటాల్సి వస్తే కచ్చడం బండికి నాలుగు వైపులా తెరలు కట్టేవారు. అలాంటి ఇంట్లోకి స్టూడియోవాణ్ణి రానివ్వరు. తాతే తీసి నెగటివులను పట్నం పంపినా, కడిగేటప్పుడు అక్కడ ఎవడో ఒకడు చూస్తాడు. అందుకని గడిలోనే ఒక గదికి నల్లగుడ్డలు కట్టించి, మందులు తెప్పించుకుని ఆయనే కడిగాడు. గుర్రాలు, పంటలు, దసరా నాడు బారులు తీరిన జనం, వీటన్నిటిదీ ఒక కట్ట. ఆడవాళ్ళ ఫోటోలది వేరే కట్ట. ఆ రెండో కట్టలో ప్రతి కవరు మీదా ఆయన రాసిన మాట ఒక్కటే: లోపలి. దాని పక్కన ఒక నంబరు.

సందుగ నా దగ్గరికి వచ్చేసరికే లోపలినుంచి పుల్లటి వాసన వస్తోంది, చెడిపోయిన ఊరగాయ జాడీ తెరిచినట్టు. పాత ఫిల్ము చివికిపోతే ఆ వాసన వస్తుందని, ఒక నెగటివు చెడితే పక్కవాటిని కూడా చెడగొడుతుందని చదివి తెలుసుకున్నాను. ఉద్యోగం పోయిన కొత్తలో అది నాకు మంచి కబురులాగే అనిపించింది. చేయడానికి ఒక పని దొరికింది. ఒక్కో నెగటివును మూడుసార్లు, మూడు రకాల వెలుతురులో స్కాను చేశాను. తరువాత రెండు వానాకాలాలకే నెగటివులు అప్పడాల కట్టల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు వాటిని విడదీస్తే పొడి రాలుతుంది.

గచ్చిబౌలిలో ఇరవై రెండేళ్ళు కంపెనీల డేటాను కాపాడడమే నా ఉద్యోగం. కాబట్టి నేను చేసింది తెలియక చేసిన తప్పు కాదు. ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నతను ఫోనులో సూటిగానే అడిగాడు.

"అన్నా, తాళం వేసి క్లౌడ్‌ల పెట్టరాదు? ఎవ్వడు తెరువలేడు. ఇంట్ల ఒక్కటే కాపీ పెట్టుకునుడేంది? ఒక్క కాపీ ఉన్నదంటే లేనట్టేనని మాకు చెప్పినోడివి నువ్వే గదా."

"మా ఇంటి ఆడవాళ్ళ ఫోటోలు" అన్నాను.

"అన్నా, వాళ్ళు చనిపోయిన్రు గదా?"

"అయితే?"

తాత పరాయి చేతికి నెగటివు ఇవ్వలేదు. నేను పరాయి వాళ్ళ యంత్రంలో ఫైలు పెట్టలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదనుకున్నాను. లోపలి అన్న కట్టను డిస్కుల్లోనే వేరుచేసి, దానికి ఇంకో తాళం వేశాను. ఆ పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా.

మా ఆవిడ గోదావరి వైపు మనిషి. ఒకే ఆఫీసులో పనిచేసి పెళ్ళి చేసుకున్నాం. ఆమె ఇప్పటికీ అమెరికా వేళలకు పనిచేస్తుంది, పొద్దున పదకొండు దాకా పడుకుంటుంది. ఆమె తలగడకూ నా సందుగకూ మధ్య నాలుగంగుళాల గోడ. ఇల్లు నడిచేది ఆమె నిద్ర మీద, అంటే ఆమె జీతం మీద. కాబట్టి నేను కట్టే యంత్రానికి బలం ఎంత ఉన్నా చప్పుడు ఉండకూడదు.

అది అనుకున్నంత సులువు కాదు. ఎనిమిది డిస్కులు ఒకేసారి తిరిగితే ఏ ఒక్కటీ పెద్దగా అరవదు కానీ అన్నీ కలిసి గోడను పట్టుకుంటాయి. చెవితో కాక పళ్ళతో వినే మోత అది. నానక్‌రామ్‌గూడ పాత ఊరి గల్లీలో సైకిలు పంక్చర్లు వేసే అతని దగ్గర చెడిపోయిన ట్యూబులు తెచ్చి, పట్టీలుగా కోసి, డిస్కులను వాటికి ఉయ్యాల కట్టాను. ఏ డిస్కూ చెక్కను తాకదు. చిన్న ఫ్యాన్లు తీసేసి, వెడల్పాటి ఫ్యాన్లు పెట్టి నెమ్మదిగా తిప్పాను. ఫోటోల మీది గీతలు, మరకలు తీసే పని గంటలకొద్దీ సాగుతుంది కనుక ప్రాసెసరు మాత్రం గట్టిది కొన్నాను.

ఫ్యాన్లకు కన్నాలు కొట్టడానికి మదీనాగూడ నుంచి ఒక వడ్రంగిని పిలిపించాను. అతను సందుగ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సారూ, ముందల నాలుగు, ఎనుక నాలుగు బొక్కలు కొట్టాలె. గాలి వచ్చేదానికొక తొవ్వ, పొయ్యేదానికొక తొవ్వ."

"ముందు పలక ముట్టుకోవద్దు."

"మరి గాలెట్ల వస్తది?"

"వెనుక రెండు కొట్టు. ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి."

అతను లతల మీద బొటనవేలితో రాసి చూశాడు. "మంచి చెయ్యి చేసిన పని. నాక్కూడ కొట్టబుద్ధి అయితలేదు. కని సారూ, మూత వెట్టి బువ్వ వండుడు వేరు, మూత వెట్టి మనిషిని కూసోవెట్టుడు వేరు."

"లోపల ఉండేది మనిషి కాదు, యంత్రం."

"గదే చెప్తున్న. అరుద్దామంటే దానికి నోరు గూడ లేదు."

రెండే కన్నాలు కొట్టించాను. పాత ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. ఎదుటివాడికి కనబడే వైపు చెడిపోకూడదు, లోపల ఎంత ఉక్కపోసినా సరే. మా నాయనమ్మ చిరిగిన చీరను చిరుగు లోపలికి వచ్చేలా మడతపెట్టి కట్టేదని మా నాన్న గొప్పగా చెప్పేవాడు.

మొదటిసారి యంత్రం ఆన్ చేసిన మధ్యాహ్నం మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"ఇది నడుస్తోందా అండీ, ఆపేశారా?"

"నడుస్తోంది."

ఆమె సందుగ మీద చెవి పెట్టి విన్నది. "నిజమే. కడుపులో పిల్ల కదిలినట్టుంది." ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నాకు ఇచ్చిన ఏ ప్రశంసాపత్రమూ ఆ మాట ఇచ్చినంత సంతోషం ఇవ్వలేదు.

"ఇంతకీ మీ ఇంటి ఆడవాళ్ళను నాకెప్పుడు చూపిస్తారు?" అంది ఆ వెంటనే.

"మరకలు తీయాలి. శుభ్రం చేశాక."

"నేను మీ ఇంటి మనిషినేనా, ఇంకా పరీక్షలో ఉన్నానా?"

నవ్వుతూనే అంది. నిజానికి నేను కూడా ఆ ఫోటోలను సరిగా చూడలేదు. స్కాను చేసేటప్పుడు నెగటివులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనబడుతుంది. ముఖాలు తెలియవు. ముందు గుర్రాలు, పంటల కట్ట శుభ్రం చేద్దామని మొదలుపెట్టాను. ఆ కట్టే తెగలేదు.

వేసవి వచ్చేసరికి డిస్కుల వేడి పెరగడం మొదలైంది. తెరమీద అంకెలు రోజూ కొంచెం కొంచెం పైకి పోయేవి. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు ఆ అంకెలను చూసి ఊరుకుని ఉంటే నిలబెట్టి అడిగేవాణ్ణి. ముందు పలకకు కన్నాలు కొట్టించడం ఒక దారి. నేను ఇంకో దారి పట్టాను. పదకొండింటికి మా ఆవిడ లేవగానే సందుగ మూత ఎత్తేవాణ్ణి. మూత ఎత్తితే మోత బయటికి వస్తుంది కనుక ఆమె పడుకునేముందు మూసేవాణ్ణి. మధ్యలో కరెంటు పోయి వస్తే దగ్గర ఉండి చూసుకోవాలి. అలా మూతతోపాటు నేనూ కట్టుబడిపోయాను. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. కోకాపేటలో ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్ళి, లిఫ్టు దగ్గర వరుసలో నిలబడి, మూత ఎత్తి వచ్చానో లేదో గుర్తుకు రాక వెనక్కి తిరిగి వచ్చేశాను. ఎత్తే వచ్చాను. ఆ ఇంటర్వ్యూ తీసుకునేది నా దగ్గర ట్రైనింగు పొందినవాడని తెలిసి తిరిగి వచ్చానని మా ఆవిడ అనుమానం. రెండూ నిజమే.

వానలు మొదలయ్యాక వేడి తగ్గింది. మా ఆవిడ ఆ గదిలో తీగ కట్టి, చేతిరుమాళ్ళు, మేజోళ్ళు సందుగ వెనుక వచ్చే వెచ్చటి గాలికి ఆరేసేది. తాత సందుగ వెనుక మేజోళ్ళు వేలాడడం నాకు నచ్చలేదు. ఆమెకు చెప్పలేదు.

జూలైలో ఒక ఉదయం లోపలినుంచి టక్కుమన్న చప్పుడు వినబడింది. కాసేపాగి మళ్ళీ. అంత నిశ్శబ్దంగా కట్టినందువల్లే అంత చిన్న చప్పుడు తెలిసింది. ఒక డిస్కు పోయింది. రెండు డిస్కులు పోయినా డేటా నిలిచేలా కట్టాను కనుక నేను కంగారు పడలేదు. కొత్త డిస్కు తెప్పించి అమర్చాను. పోయిన డిస్కులో ఉన్నదంతా మిగిలిన ఏడింటి నుంచి లెక్కగట్టి కొత్తదానిలో తిరిగి రాయాలి. అందుకు ఏడూ ఒకటిన్నర రోజు ఆగకుండా తిరగాలి. అప్పటికే వేసవంతా ఉడికిన డిస్కులు అవి. సాయంత్రానికి రెండోది పోయింది. మరునాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు మూడోది.

మూడు పోతే ఇక ఏమీ మిగలదు. నేను అన్నం కలుపుకుని తిన్నాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది, ఆఫీసులో ఎవరి గురించో చెబుతోంది. నేను తల ఊపాను.

తొమ్మిది రోజులు ఆమెకు చెప్పలేదు. ఫ్యాన్లు తిప్పుతూనే ఉన్నాను. పదకొండింటికి మూత ఎత్తాను, మూశాను. గదిలో కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వెనక్కి వాలి కూర్చోవడం మా ఇంట్లో అలవాటు లేదు. గోడ, సందుగ, తలుపు. మోకాళ్ళు సందుగకు తగులుతాయి. బయటికి వెళ్ళవచ్చు, ఇప్పుడు కాపలా కాయవలసింది కూడా ఏమీ లేదు. కానీ లేవలేకపోయాను. లేచి వెళితే అవి పోయాయని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

పదో రోజు మా ఆవిడ చేతిలో తడి మేజోళ్ళతో నిలబడింది.

"ఏమైందండీ దీనికి? వెచ్చదనం రావట్లేదు. నిన్నటివి కూడా ఆరలేదు."

చెప్పాను. ఆమె తీగమీది మేజోళ్ళన్నీ తీసి భుజాన వేసుకుని నేలమీద కూర్చుంది.

"ఇలాంటివి బాగుచేసేవాళ్ళు ఉంటారు కదండీ. మీకు తెలియకపోవడమేమిటి?"

"ఉంటారు. తెరిచి చూస్తారు."

"చూస్తే?"

"లోపలి కట్ట ఉంది."

"ముత్తవ్వలకు ఘోషా ఏమిటండీ! వాళ్ళ సంగతి సరే, మీ సంగతి చెప్పండి. ఈ సంవత్సరంలో గేటు దాటి ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఇంటర్వ్యూకు వెళ్ళాను. పంటి డాక్టరు దగ్గరికి కూడా."

"ఇంటర్వ్యూకు వెళ్ళి లిఫ్టు దగ్గరినుంచే వచ్చేశారు. డాక్టరు కిందటి ఏడు. మీ ఇంట్లో ఆడవాళ్ళకు ఘోషా ఎత్తేసి మగవాళ్ళకు పెట్టారు. కచ్చడం ఒక్కటే తక్కువ, దాని బదులు క్యాబు బుక్ చేస్తాను, ఉండండి."

క్యాబు బుక్ చేసింది. మదీనాగూడలో డిస్కులు బాగుచేసే చోటొకటి ఉందని వాళ్ళ ఆఫీసులో ఎవరినో అడిగి కనుక్కుంది. తనకు మీటింగు ఉంది, రాలేనంది. ట్యూబు పట్టీలు విప్పి డిస్కులను ఒక్కొక్కటే బయటికి తీశాను. వరుస మారకుండా వాటిమీద అంకెలు వేశాను. మా ఆవిడ పాత నూలు చీర చింపి ఇచ్చింది. ఒక్కో డిస్కును ఒక్కో ముక్కలో చుట్టి, కూరగాయల సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

ఆ దుకాణం ఒక మిఠాయి కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒకే ఒక గది. నడిపేది నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ. మెదక్ వైపు మాట. నేను ఇలాంటి చోట ఆడమనిషిని ఊహించలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఘోషా మగవాడి కంటికే కదా అనుకున్నాను. తరువాత ఆమె వెనుక గోడకు వేలాడుతున్న కెమెరా చూశాను, గాజు తలుపు చూశాను, ఇది పరాయి చోటేనని గుర్తు చేసుకున్నాను.

ఆమె పోయిన డిస్కులు మూడింటినీ చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఏడ వెట్టిన్రు సారూ వీటిని?"

"టేకు పెట్టెలో."

"గాలికి?"

"వెనుక రెండు కన్నాలు."

"ఎనిమిదింటికి రెండేనా? పాపం, ఉడికిపోయినయ్. మీరు చదువుకున్నోళ్ళ లెక్క కనవడ్తున్రు, ఎవరన్న చెప్పలేదా?"

"వడ్రంగి చెప్పాడు."

ఆమె నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకుంది. డిస్కులు తీసుకుని చీర ముక్కలు మడిచి నాకే తిరిగి ఇచ్చింది.

ఆ సాయంత్రం తిరిగి వస్తే గేటు దగ్గర కాపలా అతను నన్ను ఆపాడు. "ఏ ఫ్లాటుకు పోవాలె సారూ? బుక్కుల పేరు రాయుండ్రి."

"పదకొండో అంతస్తు. ఇక్కడే ఉంటాను."

"ఎప్పటిసంది?"

"నాలుగేళ్ళు."

"నేనొచ్చి మూడేండ్లాయె. మిమ్ముల ఎన్నడు సూడలె." పుస్తకం నా ముందుకు జరిపాడు. వచ్చినవారి పేర్ల వరుసలో నా పేరు రాసి లోపలికి వెళ్ళాను.

ఆరు రోజుల తరువాత ఫోను వచ్చింది. పోయిన మూడింటిలో ఒకదాని నుంచి చాలావరకు బయటికి తీయగలిగిందట. మిగిలినవాటితో కలిపి నిలబెట్టింది. "కని లోపల ఇంకొక తాళం ఉన్నది. అది మీరొచ్చి తెరువాలె" అంది.

వెళ్ళాను. బయట వాన. ఒక డిస్కు మీదికి అంతా యథాతథంగా ఎక్కించి ఇమ్మని, ఇంట్లో నేనే తెరుచుకుంటానని చెప్పాను.

"గట్ల ఇయ్యొచ్చు సారూ. కని ఏదొచ్చిందో, ఏది రాలేదో తెల్వకుంట ఇస్తే అది నా పని గాదు. చెడ్డ జాగలు ఏ ఫోటోల పడ్డయో ఒకటొకటి తెరిచి చూడాలె."

నేను గాజు తలుపు వైపు చూశాను. ఆమె స్టూలు మీదినుంచి లేచింది.

"ఇంటోళ్ళ ఫోటోలా?"

"అవును."

"అయితే మీరే చూసుకోండ్రి. నేను బయట నిలవడ్త. ఫికర్ లేదు."

గాజు తలుపు తీసుకుని మెట్ల మీదికి వెళ్ళి, నాకు వీపు పెట్టి నిలబడింది. జల్లు లోపలికి కొడుతోంది. ఆమె తన దుకాణం బయట నిలబడితే నేను ఆమె స్టూలు మీద కూర్చుని పాస్‌వర్డు కొట్టాను.

లోపలి 1. తెలుపు నలుపులను తిరగేశాను, బాగానే తెరుచుకుంది. రాతి అరుగు మీద కూర్చున్న ముసలావిడ. లోపలి 2. ఇద్దరు ఆడపిల్లలు, ఒకే గుడ్డతో కుట్టించిన జాకెట్లు. లోపలి 3 సగం దాకా వచ్చి ఆగింది. పైన జుట్టు, నుదురు, కళ్ళు. కళ్ళ కింద నుంచి అంతా బూడిదరంగు. మూసి మళ్ళీ తెరిచాను. అంతే. ఆ కళ్ళు నన్ను కాదు, కెమెరా పట్టుకున్న మా తాతను చూస్తున్నాయి, ఏదో అడగబోతున్నట్టు. నాకు తెలిసిన పద్ధతులన్నీ ప్రయత్నించాను. ఆమె పనిముట్లు నాకు కొత్త. ఒక గంట అలాగే కూర్చున్నాను. తలుపు అవతల ఆమె చీర కొంగు తడిసి గాజుకు అంటుకుంది. ఒకసారి కిందికి వంగి మిఠాయి కొట్టువాడితో ఏదో మాట్లాడింది. లోపలికి తిరిగి చూడలేదు.

నేను పిలవకపోతే ఆమె చూడదు. చూడకపోతే ఈ ముఖం రాదు. ఇంత చిన్న లెక్కకు నాకు గంట పట్టింది. లేచి తలుపు తీశాను.

"లోపలికి రండి" అన్నాను.

ఆమె కొంగు పిండుకుని వచ్చి తెర ముందు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మా ఆవిడ కంటే ముందు ఈమె చూస్తోందన్న ఆలోచన వచ్చింది, అది ముల్లులా గుచ్చింది.

"కండ్లు వచ్చినయ్, మూతి రాలే" అంది ఆమె, డాక్టరు చెప్పినట్టు. "దీనికి ఇంకో కాపీ ఉన్నదా?"

"ఒక్కోదాన్ని మూడుసార్లు స్కాను చేశాను."

"శభాష్. అయితే దాంట్లకెళ్ళి కింది సగం తీసి దీనికి అతికిస్త. మూడిట్ల ఒకటన్న బతికుంటది."

మిగిలిన రెండు స్కానులు వెతికి, ఒకదానిలో పాడవని భాగాన్ని కోసి కలిపింది. బూడిదరంగు కిందినుంచి మెల్లగా నిండింది. ముక్కు, ముక్కుపుల్ల, తరువాత నోరు. ఆ మనిషి నవ్వుతోంది. పెదవులు మూసుకుని నవ్వే పెద్దింటి నవ్వు కాదు. పళ్ళన్నీ కనబడేలా, తల కొంచెం వెనక్కి వేసి నవ్వుతోంది. మా ఇంట్లో ఎవరూ అలా నవ్వగా నేను చూడలేదు.

"అయ్యో, ఎంత మంచిగున్నది సారూ!" అంది ఆమె. "ఎవరీమె? మీ అవ్వనా?"

"కాదు. నాయనమ్మ ఫోటో నా దగ్గర ఉంది."

"మరి?"

చెవులకు కమ్మలు లేవు. మెడ కనబడడం లేదు. చీర మంచిదో కాదో తెలుపు నలుపులో తెలియడం లేదు. గడిలో మా తాత అన్నదమ్ముల భార్యలు ఉండేవారు, వితంతువులైన ఆడపడుచులు ఉండేవారు, పెళ్ళికూతురి వెంట అరణంగా పంపిన దాసీలు, ఆడబాపలు ఉండేవారు. బతుకంతా దొరసాని దగ్గర చాకిరీ చేసి అక్కడే పోయినవాళ్ళు. అందరూ లోపలే.

"దొరసానా సారూ, పనిచేసేటామెనా?" ఆమె మామూలుగానే అడిగింది. గడి అంటే ఏమిటో తెలిసిన ఊరినుంచి వచ్చిన మనిషి.

కవరు మీద ఏముందో గుర్తు చేసుకున్నాను. లోపలి, మూడు. పరాయి చోట ఆడవాళ్ళ పేరు పలకకూడదు కనుక తాత వాళ్ళ పేర్లు రాయలేదు. ఆయనకు తెలుసు. మా నాన్నకు కొన్ని తెలిసి ఉండవచ్చు, నేను అడగలేదు. ఇన్నేళ్ళు తాళం వేసి కాపాడినవాళ్ళలో మా ఇంటి కోడలెవరో, చాకిరీకి వచ్చినదెవరో గుర్తుపట్టలేని వారసుణ్ణి నేను.

"తెలియదు" అన్నాను. పరాయి మనిషి ముందు ఆ మాట అనడం నాకు అలవాటు లేదు.

"గట్లనా" అంది, నా వైపు తిరగకుండానే. "ఏది బాగయ్యిందో, ఏది కాలేదో రాసుకుంట పోవాలె నేను. ఉత్త నంబర్లయితే ఆగమైత. ఏదో ఒక గుర్తు రాసుకుంట, మీకేం ఇబ్బంది లేదు గదా?"

లేదన్నాను. ఆమె ఒక పాత డైరీ తీసింది. మొదటిదాని ఎదుట 'అరుగు మీది అవ్వ' అని, రెండోదాని ఎదుట 'ఒక్కతీరు జాకిట్ల పోరగాండ్లు' అని, మూడోదాని ఎదుట 'నవ్వేటామె' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. నేను వంగి చదివాను. పోరగాండ్లు అంటే మగపిల్లలు కూడా అవుతారని, ఆడపిల్లలని రాయమని చెప్పాను. ఆమె కొట్టేసి సరిగా రాసింది.

"ఇంక ఎన్నున్నయ్ సారూ గిసొంటివి?"

"మూడు వందల దాకా."

"అబ్బో. అయితే గట్ల నిలవడకుండ్రి, నడుం పోతది." కాలితో ఒక ప్లాస్టిక్ కుర్చీ నా వైపు నెట్టింది.

కూర్చున్నాను. నాలుగోది తెరవమన్నాను.